దండు దాటిపోయిన తరువాత

మా ఇంట్లో ఒక రాగి దేగిస ఉన్నది. నలభై, యాభైమందికి అన్నం వండదగినంత పెద్దది. అంచు దగ్గర చిన్న సొట్ట. లోపల కళాయి పూత ఇప్పటికీ తెల్లగానే ఉంటుంది. కాని అది మాది కాదు. మా నాయనమ్మ బ్రతికి ఉన్నన్నాళ్ళూ దానిలో ఒక్క మెతుకు వండలేదు, మమ్మల్ని వండనివ్వలేదు. కళాయివాడు ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా మాత్రం ముందుగా ఆ దేగిసనే బయటికి తీయించి పూత పూయించేది.

ఆ దేగిసకూ, భారత సైన్యానికంతకూ అధిపతిగా పనిచేసిన ఒక జనరల్‌కూ సంబంధం ఏమిటని చదువరులు అడగవచ్చు. నిన్నమొన్నటి వరకు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. సంబంధం ఉన్నదని నాకు తెలియజెప్పింది మా కళాశాలలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న.

నేను చరిత్ర ఉపన్యాసకుణ్ణి కాను, తెలుగు చెప్పుకునేవాణ్ణి. సెప్టెంబరు 17 వచ్చిందంటే విద్యార్థులచేత వ్యాసాలు వ్రాయించే పని మాత్రం తెలుగువాళ్ళ మీదనే పడుతుంది. ఆ రోజును ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, మరొకరు సమైక్యత అంటారు. పేరు ఏదైనా, వ్యాసంలో నిజాం నవాబు ఉంటాడు, సర్దార్ పటేల్ ఉంటాడు, రజాకార్లు ఉంటారు. రెండేళ్ళ క్రిందట ఒక పిల్లవాడు లేచి, "సార్, పటేల్ గారు ఢిల్లీలో ఉన్నారు గదా, మరి సైన్యాన్ని ఇక్కడిదాకా నడిపించుకొచ్చింది ఎవరు?" అని అడిగాడు. "మేజర్ జనరల్ చౌధురి" అని చెప్పాను. "తరువాత ఆయన ఏమయ్యాడు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆనాటి నుంచి దొరికిన పుస్తకమల్లా చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ, ఆ పిల్లవాడు వేసిన రెండవ ప్రశ్నే అసలు ప్రశ్న అని తోచింది.

మీసాల చౌధురి

జయంతనాథ్ చౌధురి 1908 జూన్ 10న పుట్టాడు. చదువుకు, హోదాకు పేరుపొందిన బెంగాలీ కుటుంబం. కాంగ్రెసు మహాసభకు మొట్టమొదటి అధ్యక్షుడైన ఉమేశ్ చంద్ర బెనర్జీ ఆయనకు తల్లివైపు తాత. అటువంటి ఇంటి కుర్రవాడు బారిస్టరు అవుతాడనో, సివిల్ సర్వీసులో చేరతాడనో ఎవరైనా అనుకుంటారు. ఆ రోజుల్లో బెంగాలీలు సైన్యానికి పనికిరారని తెల్లవారు ముద్రవేసి ఉంచారు కూడాను. చౌధురి మాత్రం ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో చదివి, 1928లో అధికారిగా పట్టా పుచ్చుకొని వచ్చాడు.

తోటివారు ఆయనకు పెట్టిన ముద్దుపేరు "ముచ్చూ". మన భాషలో ముచ్చు అంటే దొంగ గదా! తెలుగు ఉపన్యాసకుణ్ణి గనుక మొదటిసారి ఆ పేరు చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. విషయం ఏమంటే, అది మీసాన్నిబట్టి వచ్చిన పేరు. మీసానికి హిందీలో మూఛ్ అంటారు. ఆ మీసమూ, ఆ పేరూ కడదాకా ఆయనను విడువలేదు.

ఆయన చేరింది ఏడవ లైట్ కావల్రీలో. తరువాత పదహారవ లైట్ కావల్రీకి అధిపతి అయ్యాడు. పేరుకు అశ్వదళాలేగాని, రెండవ ప్రపంచయుద్ధం నాటికి గుర్రాలు పోయి టాంకులూ ఇనుప బండ్లూ వచ్చాయి. ఈ రెండు దళాలకూ దక్షిణాదితో పాతచుట్టరికం ఉన్నది. ఏడవ దళం పూర్వం మద్రాసు అశ్వదళం. పదహారవ దళం 1776 నాటికే ఆర్కాటు నవాబు కొలువులో ఉన్నది.

ఆ యుద్ధంలో చౌధురి అయిదవ భారత డివిజనుతోపాటు సూడాన్, ఎరిత్రియా, అబిసీనియా, ఉత్తరాఫ్రికా ఎడారులు తిరిగాడు. 1945లో తన దళాన్ని బర్మాలో మెయిక్తిలా పోరులోకి నడిపించాడు. స్వాతంత్ర్యం వచ్చేసరికి ఆయన వయస్సు 39 ఏళ్ళు. ఇంగ్లీషు సేనానులు ఒక్కొక్కరే ఓడ ఎక్కి వెళ్ళిపోతూంటే వారు ఖాళీచేసిన కుర్చీలలో మన యువకులు కూర్చోవలసి వచ్చింది. 1948 నాటికి చౌధురి మేజర్ జనరల్. దేశంలోని ఏకైక టాంకుల డివిజనుకు, అంటే ఒకటవ ఆర్మర్డ్ డివిజనుకు, అధిపతి.

పెద్ద రోడ్డు మీద అయిదు రోజులు

ఇక మా ప్రాంతం సంగతికి వస్తాను. మాది సిర్గాపూర్. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ డివిజనులో మండల కేంద్రం. 1948లో మా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. 1956లో భాషలనుబట్టి రాష్ట్రాలను విభజించినప్పుడు మమ్మల్ని మెదకు జిల్లాలో కలిపారు. అందుకే మా మాటల్లో కన్నడం, మరాఠీ, ఉరుదూ కలగాపులగంగా దొర్లుతాయి. మా సంతలో బేరగాడు నాలుగు భాషల్లో బేరమాడతాడు. ఈ బీదరు జిల్లా అన్న మాట చదువరులు జ్ఞాపకం పెట్టుకోవాలి.

నిజాం హైదరాబాదు అప్పుడు 82,000 చదరపు మైళ్ళ రాజ్యం. కోటీ అరవై లక్షలకు పైగా జనం. 1947 నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథపు ఒడంబడిక కుదిరిందిగాని, అది నిలవలేదు. కాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు పల్లెలమీద పడి దోచుకోవడం, తగలబెట్టడం, చంపడం నానాటికీ ముదిరింది. తెలంగాణా పల్లెల్లో దొరలమీద, నిజాంమీద కమ్యూనిస్టుల సాయుధ పోరాటం మరొకవంక సాగుతూనే ఉంది. చివరికి 1948 సెప్టెంబరు 13, సోమవారం తెల్లవారుజామున భారత సేనలు సరిహద్దు దాటాయి. దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. పేరుకే పోలీసు, నడిచినవి టాంకులు.

మొత్తం చర్యకు దక్షిణ సైన్యాధిపతి రాజేంద్రసింహ్‌జీ పెద్ద. తూర్పున బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర నడిపిన సేన సూర్యాపేట దిక్కుగా వచ్చింది. అసలు బలగం మాత్రం పడమట షోలాపూరు నుంచి బయలుదేరింది. అది చౌధురిది. నల్లరేగడి నేల, వానకాలం. టాంకు రోడ్డు దిగిందంటే మళ్ళీ పైకి రావడం కష్టం. కనుక వంతెనలు చేజిక్కించుకోవడం, రోడ్డు వదలకపోవడం, ఆగకపోవడం - ఈ మూడే గెలుపు కీలకాలు. మొదటి రోజు ఉదయమే నల్దుర్గం దగ్గర బోరీ నది వంతెన చెక్కుచెదరకుండా దొరికింది. మధ్యాహ్నానికి సేన ముందుభాగం సరిహద్దుకు లోపల 61 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉమర్గా చేరింది. 16వ తేదీన మందుపాతరలు తొలగించుకుంటూ జహీరాబాదు దాటింది. 17వ తేదీ పొద్దున బీదరు చేతికి వచ్చింది. ఆ సాయంకాలమే నిజాం కాల్పులు ఆపివేయమన్నాడు. మరునాడు, 18వ తేదీన, హైదరాబాదు సేనాధిపతి ఎల్ ఎద్రూస్ వచ్చి చౌధురికి లొంగిపోయాడు.

పటం తీసి చూస్తే ఆ పెద్ద రోడ్డు మా ఊరికి చాలా దక్షిణంగా పోతుంది. నాయనమ్మకు అప్పుడు ఇరవై ఏళ్ళు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి, "దండును చూశావా నాయనమ్మా?" అని అడిగాను.

"మనూర్లకు యాడొచ్చింది బిడ్డా! పెద్ద తొవ్వ వట్టుకొనే పోయింది. మనకు మీదికెల్లి ఇమానాల మోత ఇనవడ్డది, గంతే. గణపతిని సాగనంపే దినాలు. రెండు దినాలకు పున్నమి" అన్నది.

తరువాత పంచాంగం లెక్క చూసుకున్నాను. 1948 సెప్టెంబరు 18 సరిగ్గా భాద్రపద పున్నమి. చదువురాని నాయనమ్మ జ్ఞాపకం తేదీలతో పనిలేకుండానే నిక్కచ్చిగా ఉన్నది.

ఆ పైన ఆమె అన్న మాట నేను అప్పుడు అంతగా పట్టించుకోలేదు. ఇప్పుడు మరువలేను. "దండు వచ్చినప్పుడు బుగులు గాలే. దండు పోయినంక బుగులైంది" అన్నది.

లెక్కలోకి రాని మరణాలు

18వ తేదీ నుంచి చౌధురి హైదరాబాదు రాష్ట్రానికి సైనిక గవర్నరు. పాలనాధికారాలన్నీ నిజాం ఫర్మానా ద్వారా ఆయనకే సంక్రమించాయి. వయస్సు 40 ఏళ్ళు. ఇప్పుడు నాకున్న వయస్సుకంటె తక్కువ. టాంకులు నడపడం తెలిసిన మనిషి చేతిలో ఒక్కపెట్టున కోటీ అరవై లక్షల జనం, కోర్టులు, ఖజానా, ధాన్యం, దస్త్రాలు వచ్చిపడ్డాయి.

అయిదు రోజుల పోరులో భారత సేన కోల్పోయిన జవాన్లు వందకు లోపే. యుద్ధమన్న లెక్కన చూస్తే అది బహు స్వల్పం. కాని సేన ముందుకు సాగిపోయిన తరువాత పల్లెల్లో జరిగింది వేరొక కథ. రజాకార్లచేత బాధలు పడ్డవారి కసి, వారిలో చేరినవారిమీదా చేరనివారిమీదా ఒకటిగానే విరుచుకుపడింది. చాలామంది నిరపరాధులైన ముస్లిములు చనిపోయారు. ఇళ్ళు, దుకాణాలు దోపిడి అయ్యాయి.

ఆ వార్తలు ఢిల్లీ చేరినమీదట ప్రధాని నెహ్రూ పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులను విచారణకు పంపాడు. 1948 నవంబరు, డిసెంబరులలో వారు ఊరూరా తిరిగారు. మొత్తం రాష్ట్రంలో మృతులు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చునని వారి అంచనా. అన్నిటికన్నా ఎక్కువ నష్టపడిన జిల్లాలు నాలుగు - ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడు, బీదరు. ఈ నాలుగింటిలోనే 18,000కు తక్కువ కాకుండా చనిపోయి ఉంటారని వ్రాశారు. బీదరు అంటే అప్పటి మా జిల్లా.

ఆ నివేదిక ఒకపక్షం చెప్పి ఊరుకోలేదు. పోలీసు చర్యకు ముందు రజాకార్లు చేసిన దారుణాలను చెప్పింది. కొన్నిచోట్ల సైనికులే మూకలను పురికొల్పారనీ, దోపిడిలో పాలుపంచుకున్నారనీ చెప్పింది. మరికొన్నిచోట్ల సైనికాధికారులు అడ్డం నిలిచి ముస్లిముల ప్రాణాలు కాపాడారనీ చెప్పింది. ప్రభుత్వం దానిని ప్రకటించలేదు. దశాబ్దాలపాటు అది దస్త్రాలలోనే ఉండిపోయి, 2013 ప్రాంతంలోగాని నలుగురి నోటా పడలేదు.

దీనికి చౌధురి ఎంతవరకు బాధ్యుడు? ఆయన చేయించాడని నేను అనను. వాయువేగంతో రాజధాని చేరమని ఆయనకిచ్చిన ఆజ్ఞ; చేరాడు. కాని ఆ వేగానికి ఒక మూల్యం ఉన్నది. టాంకులు రోడ్డు వెంట దూసుకుపోయాయి; రోడ్డుకు ఇరుప్రక్కలా ఉన్న పల్లెలను కాయడానికి వెనుక ఎవరూ లేరు. పాత అధికారం పోయింది. కొత్త అధికారం ఇంకా రాలేదు. నడుమనున్న ఆ కొద్దిరోజుల్లోనే జరగరానిదంతా జరిగింది. రాజ్యం తన చేతికి వచ్చిన క్షణంనుంచి జరిగినదానికి పాలకుడు జవాబు చెప్పుకోవలసిందే. ఆయన గొప్పతనం వ్రాసేటప్పుడు ఈ పేజీ చింపివేస్తే అది జీవితచరిత్ర కాదు, స్తోత్రపాఠం అవుతుంది.

గవర్నరు బంగళాలో సేనాని

అయితే ఆ పద్నాలుగు నెలలలో జరిగిన మంచినీ చెప్పాలి. బాఖ్లే అనే సివిల్ సర్వీసు అధికారిని పౌరపాలనకు పెద్దగా పెట్టుకొని చౌధురి ప్రభుత్వం కొత్త రాజ్యాంగయంత్రాన్ని నిలబెట్టింది. రజ్వీని నిర్బంధించి, రజాకార్ల సంస్థను రూపుమాపింది. 1949 ఫిబ్రవరిలో నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్‌ను ప్రభుత్వ భూములలో కలిపివేశారు. అదే సంవత్సరం ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం అమలులోకి వచ్చింది.

జాగీరు అంటే ఏమిటో ఈ తరం పిల్లలకు తెలియదు. రాజ్యంలో దాదాపు మూడోవంతు భూమి, ఆరు వేలకు పైగా గ్రామాలు జాగీర్దార్ల క్రింద ఉండేవి. శిస్తు వారిదే, చాలాచోట్ల పోలీసు, కచేరీ కూడా వారివే. రైతు కష్టం దివాణం మెట్లు ఎక్కకుండానే జాగీర్దారు గడపలో హరించుకుపోయేది. తరతరాల ఆ ఏర్పాటు ఒక సైనికుడి సంతకంతో రద్దయింది. కౌలుదార్ల సంగతి చూడడానికి ఒక భూసంస్కరణల సంఘాన్నికూడా ఆ ప్రభుత్వం నియమించింది. దాని ఫలితంగానే 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది.

నాణేనికి రెండవ వైపు నల్గొండ, వరంగల్ జిల్లాలు. కమ్యూనిస్టులను అణచడానికి అక్కడి పల్లెల్లో సైన్యం దిగింది. దున్నేవాడికి భూమి కావాలని ఒక చేత కాగితం వ్రాస్తూ, భూమి పంచుకున్నవాణ్ణి మరొక చేత బంధించింది ఆ ప్రభుత్వం. ఆ పోరాటం చౌధురి వెళ్ళిపోయిన తరువాత కూడా సాగి, 1951 అక్టోబరులోగాని ఆగలేదు.

1949 డిసెంబరులో వెల్లోడికి పాలన అప్పగించి చౌధురి తిరిగి సైన్యంలోకి వెళ్ళిపోయాడు. ఈ విషయం మనం తేలికగా తీసుకుంటాముగాని, చిన్నది కాదు. ప్రపంచంలో ఎన్నో దేశాలలో రాజధాని గెలిచిన సేనాని మళ్ళీ కుర్చీ దిగలేదు. ఇక్కడ దిగమన్నారు, దిగాడు.

విరిగిన సైన్యం చేతికి

ఆ తరువాతి పన్నెండేళ్ళలో ఆయన మెట్టుమీద మెట్టు ఎక్కాడు. దక్షిణ సైన్యాధిపతిగా ఉండగా 1961 డిసెంబరులో గోవా చర్య ఆయన ఆధ్వర్యంలోనే జరిగింది. రెండురోజుల్లో, 18, 19 తేదీలలో, నాలుగున్నర శతాబ్దాల పోర్చుగీసు పాలన ముగిసిపోయింది.

అసలు పరీక్ష మరుసటి సంవత్సరం వచ్చింది. 1962లో చైనా దాడిలో మన సేన ఈశాన్యంలో చెల్లాచెదరైంది. సేనాధిపతి థాపర్ తప్పుకున్నాడు. నవంబరు 20న చౌధురిని పిలిచి సైన్యాన్ని అప్పగించారు. మరునాడే చైనా తనంతట తాను కాల్పులు ఆపివేసింది. యుద్ధం ఆగిందిగాని మిగిలిందేమిటి? కొండచలిలో కంబళ్ళు లేని జవాన్లు, పాతకాలపు తుపాకులు, తలలు వంచుకున్న అధికారులు. జీవితంలో రెండవసారి ఆయన చేతికి విరిగిన వస్తువే వచ్చింది.

ఈ రెండవ పని ఆయన బాగా చేశాడనే చెప్పాలి. కొండలలో పోరాడడానికి ప్రత్యేకంగా పది పర్వత డివిజన్లను సిద్ధంచేయాలనీ, సైన్యాన్ని 8,25,000కు పెంచాలనీ ప్రభుత్వం నిశ్చయించింది. ఆ పెంపకం బరువు ఎక్కువభాగం ఆయన మీదనే పడింది. మూడేళ్ళు తిరగకముందే, 1965లో, పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. సెప్టెంబరు 6న మన సేన లాహోరు దిక్కుగా సరిహద్దు దాటింది. ఖేమ్‌కరణ్ ప్రాంతంలో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాను నమ్ముకున్న పాటన్ టాంకులు చెరకుతోటల్లో చిక్కి పదులకొద్దీ చెడిపోయాయి.

ఇక్కడ కూడా చౌధురికి విమర్శలు తప్పలేదు. ఆ పోరు తీవ్రంగా ఉన్న రోజుల్లో సేనను బియాస్ నది వెనక్కు తీసుకుపొమ్మని ఆయన సలహా ఇచ్చాడనీ, తాను ఒప్పుకోలేదనీ పశ్చిమ సైన్యాధిపతి హర్బక్ష్ సింగ్ తరువాత వ్రాశాడు. మందుగుండు చాలావరకు అయిపోయిందని ప్రభుత్వానికి ఆయన చెప్పడం పొరపాటు లెక్క అనీ, నిజానికి కొద్దిభాగమే ఖర్చయిందనీ తరువాత తేలింది. 1948లో ఆగకుండా పరుగెత్తిన మనిషి 1965లో ఆగి ఆలోచించాడు. 1962 చూసినవాడు కాబట్టి కావచ్చు. ఒకసారి విరిగినదానిని అతికినవాడికి అది మళ్ళీ విరుగుతుందేమోనన్న భయం ఉండడం మానవసహజం.

ఆ యుద్ధంలోనే జరిగిన ఒక ఘట్టం మన హైదరాబాదువారు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. ఆర్దేషిర్ తారాపూర్ అనే పార్సీ యువకుడు నిజాం సైన్యంలో అధికారిగా జీవితం మొదలుపెట్టాడు. ఒక శిక్షణలో అతని సాహసం చూసి ఎల్ ఎద్రూస్ స్వయంగా మెచ్చి అశ్వదళానికి మార్పించాడంటారు. 1948లో చౌధురికి లొంగిపోయింది ఆ సైన్యమే. హైదరాబాదు సైన్యం భారతసేనలో కలిసిన తరువాత తారాపూర్ పూనా హార్స్ దళంలో చేరాడు. 1965 సెప్టెంబరులో సియాల్‌కోట రంగంలో ఆ దళాన్ని నడిపిస్తూ, గాయపడి కూడా వెనుకకు పోనని భీష్మించి, 16వ తేదీన వీరమరణం పొందాడు. పరమవీరచక్రం ఇచ్చారు. ఆయన దళం ఉన్నది ఏ డివిజనులో? ఒకటవ ఆర్మర్డ్ డివిజనులో. 1948లో చౌధురి షోలాపూరు నుంచి నడిపించుకొచ్చిన డివిజను అదే.

పదిహేడేళ్ళ క్రిందట ఎదుటిపక్షపు సైన్యంలో ఉన్న మనిషి ఈ సైన్యానికే మకుటమైపోయాడు. సైన్యాలు అతుక్కోవడం అంత సులభం. అక్కడ ఒక పతాకం, ఒక ఆజ్ఞ, ఒక భోజనపు బల్ల ఉంటాయి. పల్లెలకు అటువంటివి ఏమి ఉన్నాయి?

1966 జూన్‌లో చౌధురి పదవీ విరమణ చేశాడు. ఆ పిమ్మట కెనడాలో మన హైకమిషనరుగా 1969 వరకు ఉన్నాడు. పద్మవిభూషణ్ బిరుదు పొందాడు. ఆత్మకథ చెప్పి వ్రాయించాడు. 1983 ఏప్రిల్ 6న కాలధర్మం చెందాడు.

దేగిస సంగతి

ఇక దేగిస. మా ఇంటి ప్రక్క గోడ ఒక దర్జీ సాయెబుది. ఆయన భార్యను నాయనమ్మ అక్కా అని పిలిచేది. రజాకార్ల రోజుల్లో మా ఇంట్లో బియ్యం, నగలు గోడలో పెట్టి పూడ్చుకున్నారు. పోలీసు చర్య తరువాత ఒక రాత్రి ఆమె దేగిస ఎత్తుకొని దొడ్డిదారిన మా ఇంటికి వచ్చింది. మా తాత బండి కట్టి, పైన జొన్నచొప్ప కప్పి, వాళ్ళను పెద్ద రోడ్డుదాకా దిగవిడిచి వచ్చాడు. దీనిని నాయనమ్మ ఒక గొప్పగా ఎన్నడూ చెప్పలేదు. "అప్పుడు మనం తలుపులేసుకున్నం. ఎనక వాండ్లు తలుపులేసుకున్నరు" అనేది, అంతే.

ఎన్నో ఏళ్ళకు ఒకమారు ఆమె ఒక్కతే వచ్చిందట. హైదరాబాదులో బంధువుల ఇంట్లో ఉంటున్నానని చెప్పింది. తన ఇంటి గోడ చూసుకుంది. నాయనమ్మ దేగిస తెచ్చి ముందు పెట్టింది. ఆమె కొంగుతో దానిని తుడిచి, "ఉండనీ చెల్లె, నా బిడ్డ పెండ్లి ఈడనే చేస్త, అప్పుడు తీస్కుంట" అన్నదట. మళ్ళీ రాలేదు.

ఆ పిల్లవాడి ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర జవాబు ఉన్నది. చౌధురి ఏమయ్యాడంటే, సేనాధిపతి అయ్యాడు. ఓడిన సైన్యాన్ని నిలబెట్టాడు. కుర్చీ దిగమన్నప్పుడు దిగాడు. జాగీర్లు పోగొట్టిన శాసనం క్రింద ఆయన పేరు ఉన్నది. ఇవన్నీ నిజమే, చిన్నవి కావు. కాని ఒక యుద్ధం ఎప్పుడు ముగిసిందో చెప్పడానికి లొంగుబాటు తేదీ చాలదు. భయపడి వెళ్ళినవారు భయం లేకుండా తిరిగి వచ్చి తమ పొయ్యి రాజేసుకున్ననాడు ముగిసినట్టు. ఆ లెక్కన అయిదు రోజుల యుద్ధం మా ఊళ్ళో ఇంకా ముగియలేదు.

నాయనమ్మ 2006లో పోయింది. పోయేముందు నగల గురించి చెప్పలేదు, భూమి గురించి చెప్పలేదు. "కళాయి ఎయ్యనీకి మర్వకుండ్రి" అన్నది. ఇప్పుడు కళాయివాళ్ళు ఊళ్ళకు రావడం మానేశారు. నిరుడు దేగిసను బస్సులో వేసుకొని పట్నం తీసుకుపోయి వేయించుకొచ్చాను. కండక్టరు దానికి కూడా టిక్కెట్టు కొట్టాడు.